కథకు ఊకొట్టువారు

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కథ చెప్పువాని యెదుట ఊకొట్టువాడొకడు ఉండవలెనని తెలుగునాట పసిపిల్లలకు సైతము తెలియును. నాయనమ్మ కథ చెప్పుచుండగా మనుమని నోట ‘ఊఁ’ అను ధ్వని ఆగినంతనే ఆమెయు కథ చాలించి దుప్పటి సవరించును. నేటి ప్రసంగమునకు ఈ చిన్న మాటయే ఆధారము. దానిని విశదపరచుటకు, జాముల్‌లో చిరకాలము నివసించిన ఒక తెలుగు శ్రోత అనుభవములు మిక్కిలి ఉపకరించును. ఆయన గాయకుడు కాడు, శాస్త్రము చదివినవాడు కాడు. ఎచ్చట తంబుర మ్రోగినను పోయి ముందు వరుసలో కూర్చుండుట తప్ప వేరొక విద్య ఎరుగడు.

జాముల్ భిలాయికి ఉత్తరముననున్న ఊరు. భిలాయి ఉక్కు కర్మాగారమునకై 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగెను. తొలి కొలిమిని 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. ఉక్కు కొలిమి విడిచిన చిట్టెము కూడ వ్యర్థము కాక సిమెంటునకు పనికివచ్చును. అట్టి సిమెంటు కర్మాగారము జాముల్‌లో 1960ల దశకమున వెలసెను. ఈ కొలిముల వెలుగు చూచి ఉత్తరాంధ్రనుండియు, కృష్ణా గుంటూరు సీమలనుండియు ఎందరో తెలుగువారు బ్రతుకుతెరువునకై అచ్చటికి చేరిరి. ఈ శ్రోతయు 1970ల దశకమున అట్లు చేరినవాడే. పుట్టినది గుంటూరు జిల్లాలోని ఒక పల్లె.

ఆ జిల్లాలో పుట్టినవానికి బుర్రకథ అనగా ఏమో చెప్పనక్కరలేదు. పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్‌గారు, ప్రజానాట్యమండలి ఉద్యమ దినములనుండి బుర్రకథను ఊరూర నిలిపిన మహానుభావుడు. 1986లో పద్మశ్రీ పొందిరి, 1997లో కీర్తిశేషులైరి. ఈ శ్రోత బాల్యమున తండ్రి భుజముపై కూర్చుండి ఆయన పల్నాటి కథ వినెను. కథ సగమును నిద్రపోయి, సగమును మేలుకొని విన్నందున, బ్రహ్మనాయుడు ఎప్పుడు వచ్చెనో ఎప్పుడు పోయెనో ఆయనకు తెలియలేదట. కాని ప్రధాన కథకుడు ముందునకు దూకి మరల వెనుకకు వచ్చునప్పుడు గజ్జెల మ్రోత, వ్రేళ్ల అందెల చప్పుడు, ఇరుప్రక్కల గుమ్మెటలపై వంతల దెబ్బ, ఇవి మాత్రము చెవిలో నిలిచిపోయెను.

జాముల్ చేరిన క్రొత్తలో ఆయనకు పెద్ద చింత ఇదియే. షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చిన పిమ్మట పోవుటకు ఒక కచేరి లేదు, ఒక హరికథ లేదు. ఉగాదికి తెలుగువారు కూడి సినిమా పాటల కార్యక్రమము జరుపుదురు. అది విని, పులిహోర తిని, ఇల్లు చేరుట. సినిమా పాట చెడ్డదని ఎవ్వరును అనరు. కాని పాట చక్కగా ఉన్నదన్న కారణమున దానిని మరల మరల అచ్చుగ్రుద్దినట్లు పాడుటయే అచట ఘనత. శ్రోత ఉన్నను లేకున్నను ఆ పాట మారదు. ఈ మాట ఆయన తరచుగా అనుచుండెడివాడు.

ఇట్లుండగా ఒక ఛత్తీస్‌గఢ్ సహోద్యోగి, పుష్యమాసపు చలిలో, ఆయనను తన పల్లెకు పండవానీ వినుటకు తోడ్కొనిపోయెను. పండవానీ యనగా పాండవుల కథ. ఆ సీమలో భారతమునకు నాయకుడు ధర్మరాజు కాడు, అర్జునుడును కాడు; భీమసేనుడు. గ్రామమధ్యమున వేదిక, దానిపై దుప్పటి, ఎదుట వరిగడ్డి పరచుకొని స్త్రీలు, వృద్ధులు, పిల్లలు. మొదటి రాత్రి విన్నది కూర్చుండి పాడు పద్ధతి. దానిని వేదమతి అందురు. ఝాడూరామ్ దేవాంగన్‌గారు ఈ పద్ధతికి ప్రసిద్ధులు. శ్రోతకు అందులో ఒక్క వాక్యమైనను పూర్తిగా బోధపడలేదు. అయినను తెల్లవారుజాము వరకు లేవలేదు. భీముడు, కీచకుడు, ద్రౌపది అను పేర్లు మెట్లవలె దొరకుచుండ, ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు కథను తానే ఊహించుకొనుచు పోయెను. తిక్కన విరాటపర్వము తండ్రి నోట విన్న చెవి కదా!

రెండవ పద్ధతి కాపాలికము. ఇందు కథకుడు నిలుచుండి, అభినయించుచు చెప్పును. పూర్వము ఇది పురుషులకే పరిమితము. స్త్రీలు పాడిన కూర్చుండి పాడవలెను. ఈ కట్టుబాటును త్రోసిపుచ్చినది తీజన్ బాయి. ఆమె 1956లో భిలాయికి అనతిదూరముననున్న గనియారీ గ్రామమున జన్మించెను. తాతగారగు బ్రిజ్‌లాల్ పారధీ నోట భారతమును విని కంఠస్థము చేసికొనెను. పదుమూడేండ్ల ప్రాయమున పొరుగూరగు చంద్రఖురీలో తొలిసారి నలుగురి యెదుట నిలుచుండి పాడెను. దొరకిన పారితోషికము పది రూపాయలు. ఆడుది పాడెనను కారణమున కులమువారు వెలివేసిరి. చిన్న గుడిసె వేసికొని, ఇరుగుపొరుగువారి గిన్నెలు ఎరువు తెచ్చుకొని బ్రతికెనే కాని పాట మానలేదు. రంగస్థల ప్రయోక్త హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించిన తరువాత దేశదేశములకు పోయెను. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ బిరుదములు వచ్చెను. భిలాయి ఉక్కు కర్మాగారమున ఆమె ఉద్యోగినిగా నుండెనను విషయము ఉద్యోగ కుటుంబములైన ఈ సభవారికి ప్రత్యేకముగ ఇంపు గొల్పును.

ఆమెను ప్రత్యక్షముగ విన్న రాత్రినిగూర్చి ఈ శ్రోత వర్ణించునప్పుడు కూర్చున్నవాడు కూర్చున్నట్లుండడు. ఒక చేత తంబుర, వేరొక చేత కరతాళములు. తంబుర ఒక క్షణమున తంబురయే. మరుక్షణమున భుజముపైకెక్కి భీముని గద యగును. అడ్డముగ పట్టిన అర్జునుని విల్లు. దుశ్శాసనుని వధ వచ్చినప్పుడు ఆ కంఠము గర్జించి, వెంటనే ద్రౌపది మాటకు దిగివచ్చును. వెనుక హార్మోనియము, తబలా, ఢోలకు, మంజీరములు సాగుచుండును. బుర్రకథలోనైన తంబుర భుజము దిగదు, శ్రుతితాళములకే కట్టుబడియుండును. ఆదిభట్ల నారాయణదాసుగారు పెంచిన హరికథలో హరిదాసు ఒక్కడే చిరుతలు పట్టి సకల పాత్రలు తానే అగును. పండవానీ ఈ రెండింటి నడుమ నిలిచినదని శ్రోత నిర్ణయము. అది సమంజసముగనే తోచుచున్నది.

అయితే ఆయన మనసు దోచినది తీజన్ బాయి ఒక్కతెయే కాదు. ఆమె ప్రక్కన కూర్చున్న ‘రాగీ’. ఇతడు సహగాయకుడు. కథకురాలు ఒక మాట చెప్పి ఆగగా ఇతడు ‘హవ్’ అనును. ఆ సీమ భాషలో ‘ఔను’ అని అర్థము. ఒక్కొకప్పుడు ‘తరువాత?’ అని అడుగును, ఒకప్పుడు ఆశ్చర్యపడును, ఒకప్పుడు మూఢునివలె అడ్డుప్రశ్న వేసి జనమును నవ్వించును. ఇది చూచి శ్రోత తొడ చరచుకొనెను. బుర్రకథలో ఇరుప్రక్కల నిలుచు వంతలు చేయునది ఇదియే కదా! ఒకడు హాస్యము చెప్పును, వేరొకడు రాజకీయము, అనగా నాటి లోకపు ముచ్చట, చెప్పును; ఇద్దరును కలిసి ‘తందాన’ అని కథకుని మాటను అందుకొందురు. వందల క్రోసుల ఎడమున, భాష వేరైనను, కథకునికి ఊకొట్టువానిని వేదికపైననే కూర్చుండబెట్టవలెనను బుద్ధి రెండు జాతులకును కలిగినది.

1988లో దూరదర్శన్‌లో ‘భారత్ ఏక్ ఖోజ్’ ప్రసారమైనప్పుడు తీజన్ బాయి అందు కనిపించెను. క్వార్టర్లలో ఇంటింట అందరును చూచిరి, మెచ్చుకొనిరి. శ్రోతయు చూచెను. ఆమె ముఖము ఎంతో దగ్గరగా కనిపించినది, పల్లెలో అంత దగ్గరగా ఎన్నడును చూడలేదు. కాని ఆ గదిలో కూర్చున్న ఎనమండుగురిలో ఒక్కరైనను ‘హవ్’ అనలేదు. పెట్టెకు ఎవరు ఊకొట్టుదురు?

ఆయన కుమార్తె జాముల్‌లోనే పుట్టి పెరిగినది. వీధిలో ఆడుకొను పిల్లలవలన ఛత్తీస్‌గఢీ మాట ఆమెకు తేనెవలె వచ్చును. తెలుగు మాత్రము ఇంటిలో అమ్మతో మాట్లాడునంత మేరకే. పండవానీకి తండ్రితో కూడ పోయి, అర్థముకాని చోట చెవిలో చెప్పుచుండెడిది. ఒకనాటి రాత్రి తిరిగివచ్చుచు త్రోవలో అడిగెను:

“మన దగ్గర ఇలా ఎవరూ చెప్పరా, నాన్నా?”

ఆయన బుర్రకథనుగూర్చి ఇల్లు చేరువరకు చెప్పెను. ఆ పిల్ల మౌనముగ వినెను. ఒక్కసారియు ఊకొట్టలేదు. విన్నదో లేదో తండ్రికి తెలియలేదు. చూడనిదానికి ఏమని ఊకొట్టును? ఆ రాత్రి ఆయనకు నిద్ర రాలేదు.

మరునాటినుండి ఆయన ఊరి తెలుగు సంఘమువారి వెంటబడెను. వచ్చు ఉగాదికి బుర్రకథ దళము నొకదానిని పిలిపింపవలెనని పట్టు. కార్యవర్గములో చాలమంది వెనుకాడిరి. వారి మాటయు త్రోసివేయదగినది కాదు.

“పిల్లలకి తెలుగు చదవటమే రాదండీ. బుర్రకథ ఎవరికి అర్థమవుతుంది? హాలు ఖాళీగా ఉంటే వచ్చిన కళాకారులకి అవమానం కాదూ?” అని కార్యదర్శి అనెను.

“నాకు ఛత్తీస్‌గఢీ వచ్చాకనా నేను పండవానీకి వెళ్ళింది? ముందు చెవిని పడనివ్వండి. అర్థం దాని వెనకే నడిచి వస్తుంది,” అని ఆయన బదులు చెప్పెను.

వాదము నెగ్గినది ఈ మాటవలన కాదనియు, కోశాధికారి వేసిన లెక్కవలననేయనియు తెలిసినవారు చెప్పుదురు. సినిమా పాటల బృందమునకు పదునైదుగురి రైలు చార్జీలు, బుర్రకథకు ముగ్గురివి. ఉద్యోగుల సంఘములలో కళ పలుమారు ఈ ద్వారముననే ప్రవేశించుచుండును.

విజయనగరము వైపునుండి ఒక దళము రాయపూరు మార్గమున వచ్చెను. వారు చెప్పదలచినది బొబ్బిలి యుద్ధము. వచ్చిన రైలు బొబ్బిలి స్టేషను మీదుగనే వచ్చినదని వారే నవ్వుచు చెప్పిరి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల యెదుట బొబ్బిలి కోట కూలిన కథ తెలుగువారికి తెలియనిది కాదు. జాముల్ పిల్లలకు మాత్రము అంతయు క్రొత్త.

హాలు సగమే నిండినది. ఉన్నది ఒక్క మైకు. అది ప్రధాన కథకుని నోటివద్ద నుండుటచే వంతల మాట ఎవరికిని వినిపించుటలేదు. గుమ్మెటల ధ్వని మాత్రము గోడలకు తగిలి మరలివచ్చుచుండెను. వెనుక బెంచీలవారు కదలసాగిరి. ఒకరిద్దరు లేచి గడియారము చూచుకొనిరి. శ్రోత తానే లేచి మైకు ఆపించి, పిల్లలనందరిని వేదిక క్రింద నేలపై కూర్చుండుడని పిలిచెను. పెద్దలును కుర్చీలు ముందునకు జరుపుకొనిరి. కథ మరల మొదటినుండి ఎత్తుకొనవలసి వచ్చెను. కథకుడు ఏమియు విసుగుకొనలేదు. ఏబది యేండ్లు దాటినవాడు, ఇట్టివి పెక్కు చూచియుండును.

పూర్వము ఈయనను పల్లెకు తోడ్కొనిపోయిన సహోద్యోగి ఆ రాత్రి వచ్చి పిల్లల వెనుక కూర్చుండెను. ఆతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. తాండ్ర పాపారాయడు రాజామున వార్త విని గుఱ్ఱమెక్కు ఘట్టము వచ్చినది. కథకుడు ఒక్క అడుగు ముందునకు వేసి, మాట సగములో నిలిపి, ఊపిరి తీసెను. వంత నోరు తెరచులోపలనే వెనుకనుండి “హవ్!” అని వినబడెను. అది అలవాటు చొప్పున వచ్చినదే కాని ఆతడు తలచి అన్నది కాదు. పిల్లలు గొల్లున నవ్విరి. మరియొక వాక్యము ముగియగనే శ్రోత కుమార్తె “హవ్!” అనెను. ఆ వెంట పిల్లలందరును.

కథకుడు క్షణకాలము నిలిచిపోయెను. ఆ మాట ఏమో ఆయనకు తెలియదు. కాని అది ఏ పని చేయుచున్నదో వెంటనే తెలిసినది. అప్పటినుండి ప్రతి చరణము చివర ఆ పిల్లలున్న మూలకే తిరిగి ఆగుచు వచ్చెను. వంతలును గుమ్మెటపై దెబ్బ ఒకటి తగ్గించి వారికి చోటిచ్చిరి. పాపారాయడు విజయరామరాజు డేరాలో ప్రవేశించునప్పటికి అర్ధరాత్రి దాటినది. ఎవ్వరును లేవలేదు.

మరునాటి ఉదయము రైలెక్కించుటకు శ్రోత స్టేషనుకు పోయెను. పెట్టెలు సర్దుకొని, కథకుడు కిటికీనుండి తల వెలుపలికి పెట్టి అడిగెను:

“బాబూ, రాత్రి పిల్లలంతా ఏదో అన్నారు. హవ్ అంటే ఏంటండీ?”

“ఊఁ అని,” అని శ్రోత చెప్పెను.