పశువుల ఆసుపత్రి నైట్రోజన్

పట్టాలు అందుకున్న పిల్లలకూ, వేరుశనగ పండినా ఎండినా ఫీజులు కట్టిన అమ్మానాన్నలకూ అభినందనలు. ఇక నేను చెప్పవలసింది ఒక నల్లబిళ్ళ గురించి.

ఈ అనంతపురం జిల్లాలోనే ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పాను. అతివాహకత పాఠం రాగానే బోర్డు మీద గాల్లో తేలే అయస్కాంతం బొమ్మ గీసి, అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుందని మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ 1933లో కనుక్కున్నారని చెప్పి ముందుకు పోయేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "మీరు చూశారా సార్?" చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

యిట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ బిళ్ళ ఒకటి సంపాదించాం. 1987లో అమెరికాలో పాల్ చూ, మౌ-క్వెన్ వూ బృందాలు బయటపెట్టిన పదార్థమది. అదే ఏడు మన పక్కనే బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు బృందమూ తయారుచేసింది. అతివాహకం కావడానికి దానికి ద్రవ హీలియం అక్కర్లేదు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ చాలు. అది ఎక్కడ దొరుకుతుందని తలలు పట్టుకుంటే మా అటెండరు అన్నాడు: "మా ఎనుముకు సూదేసే ఆయప్ప క్యాను తెరిస్తే పొగొస్తాది. అది పనికిరాదా సార్?" అదే! పశువుల వీర్యం దాచేది అందులోనే. ఆసుపత్రి డాక్టరుగారు అడగ్గానే ఇచ్చారు.

థర్మోకోల్ గిన్నెలో బిళ్ళ పెట్టి నైట్రోజన్ పోశాం. బుసబుసా మరిగి నెమ్మదించాక చిన్న అయస్కాంతాన్ని పైన వదిలితే గాల్లో నిలబడింది. పిల్లలు కింద కాగితం దూర్చి చూశారు. ఎర్రటి ఏప్రిల్‌లో బిళ్ళ చుట్టూ మంచు! కాసేపటికి బిళ్ళ వేడెక్కి అయస్కాంతం టక్కున పడింది. ఆ అమ్మాయి మళ్ళీ లేచింది: "వికర్షణ ఒక్కటే అయితే పక్కకు జారిపోవాలి కదా సార్?" నా బోర్డు బొమ్మలో దానికి జవాబు లేదు. బిళ్ళలోని లోపాల దగ్గర అయస్కాంత రేఖలు చిక్కుకుని పట్టి ఉంచుతాయని ఆ రాత్రి చదువుకుని మర్నాడు చెప్పాను.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నా బెంగంతా మీ ప్రయోగాల రికార్డుల మీదే. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని రీడింగులు దించినవాళ్ళు మీలో ఎంతమందో నాకు తెలుసు నాయనా! అమ్మానాన్నలు ఉన్నారని చేతులెత్తమనడం లేదు. గ్రాఫులో ప్రతి చుక్కా గీత మీదే పడితే, ఆ ప్రయోగం మీరు చేయలేదనే అర్థం. రీడింగు తప్పు వస్తే రానివ్వండి, ఎందుకొచ్చిందో వెతకండి. కాపీ కొట్టినవాడికి ఆ అమ్మాయి ప్రశ్న ఎన్నటికీ రాదు.

మీలో టీచర్లయ్యేవాళ్ళు దగ్గరలోని పశువుల ఆసుపత్రికి వెళ్ళి నైట్రోజన్ అడగండి. క్యాను మూత బిగించకండి, కిటికీలు తెరవండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. బిళ్ళ నా దగ్గరే ఉంది, ఎవరడిగినా ఇస్తాను. దానికి తడి పడదు, బాగా ఆరబెట్టి తిరిగివ్వండి.