ఇంటికి వచ్చిన బట్టల పెట్టె

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



వంట ముగించి, ఎవరి క్యారియర్లు వారికి సర్ది పంపించి, ఓ పది నిమిషాలు కాళ్ళు చాపుకుని కూర్చునే వేళ కదూ ఇది! ఈ పది నిమిషాల్లో బట్టల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "బట్టల గురించి మాకు తెలియనిదేముందమ్మా?" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. నలభై ఆరేళ్ళు వచ్చాక, మా ఎస్.ఆర్. నగర్ ఇంటి గుమ్మంలోకి ఓ అట్టపెట్టె వచ్చి, నాకు తెలియనిదేమిటో తెలియజెప్పింది.

ముందు ఆ పెట్టె సంగతి చెబుతాను. మనం దుకాణానికి వెళ్ళక్కర్లేదు. ఫోనులో కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసి పంపితే, మనకు ఏవి బాగుంటాయో వాళ్ళే ఎంచి, నాలుగైదు దుస్తులు పెట్టెలో పెట్టి ఇంటికి పంపుతారు. తొడుక్కుని చూసుకుని, నచ్చినవి ఉంచుకుని, తక్కినవి తిరిగి పంపించెయ్యవచ్చు. చందా కడితే పత్రిక వచ్చినట్టు నెలనెలా పెట్టె వస్తూనే ఉంటుంది.

ఈ పద్ధతికి పేరు తెచ్చినది కత్రినా లేక్ అనే అమెరికా వనిత. హార్వర్డ్‌లో వ్యాపార విద్య చదువుకుంటూ, 2011లో స్టిచ్ ఫిక్స్ అనే సంస్థను ప్రారంభించింది. మొదట్లో పెట్టెకు ఐదు వస్తువులు ఉండేవి. ఎంచి పెట్టినందుకు ఇరవై డాలర్ల రుసుము తీసుకునేవారు. ఏదైనా కొంటే ఆ రుసుము బిల్లులో తగ్గించేవారు. ఐదూ ఉంచుకుంటే నూటికి పాతిక వంతు తగ్గింపు ఉండేది. ఎంపికలో కంప్యూటరు లెక్క సగం, మనిషి కన్ను సగం. 2017 నవంబరులో ఆ సంస్థ వాటాలు మార్కెట్టుకు వచ్చేనాటికి ఆమె వయసు ముప్ఫై నాలుగేళ్ళు. మన దేశంలోనూ 2013లో ముంబయిలో పుట్టిన స్టైల్ క్రాకర్ వంటి సంస్థలు ఈ బాట పట్టాయి. నా పెట్టె వచ్చింది ఈ రెండింటి నుంచీ కాదు, వేరే చోటి నుంచి. దాని పేరుతో మనకు పని లేదు.

మా అమ్మాయికి కిందటేడు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో నాకు చీర కొంటుందనుకున్నాను. "చీరలు నీకు బీరువా నిండా ఉన్నాయమ్మా. ఒక్కటీ కట్టవు" అని, నా పేరున ఈ చందా కట్టింది. "ప్రశ్నలకు జవాబులు నువ్వే రాసుకో. నేను చూడను" అని ఫోను నా చేతికిచ్చి ఆఫీసుకు వెళ్ళిపోయింది.

ఇక్కడ మీకొక మాట దాచకుండా చెప్పాలి. మూడేళ్ళ కిందట నాకు పెద్ద ఆపరేషన్ అయింది. మనలో ఎంతోమందికి అయ్యేదే. గర్భసంచి తీసేశారు. ఆరోగ్యం కుదుటపడింది గాని, ఒళ్ళు మునుపటిలా లేదు. జాకెట్లు బిగుతయ్యాయి. పంజాబీ డ్రెస్సులు నడుము దగ్గర పట్టేశాయి. ఇంట్లో నైటీ, గుమ్మంలోకి ఎవరైనా వస్తే పైన ఓ చున్నీ. అదే నా వేషమైపోయింది. రేడియోలో మాట్లాడటానికి మాత్రం సంతోషంగా వచ్చేదాన్ని. ఎందుకంటారా? రేడియోలో మనిషి కనిపించదు గదా! మా ప్రాంతంలోని మహిళా సంఘంవారు సభలో మాట్లాడమని రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ ఒంట్లో బాగాలేదన్నాను. అసలు కారణం, కట్టుకుని వెళ్ళడానికి ఒంటికి పట్టే జాకెట్టు లేకపోవడం.

సరే, ప్రశ్నలు చూశాను. ఏ రంగు ఇష్టం, ఏ రంగు అయిష్టం? మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడవు? ఎక్కడెక్కడికి వెళుతుంటారు? ఆఫీసు, పార్టీ, విహారయాత్ర అని మూడు గడులు. ఎర్రగడ్డ రైతుబజారుకూ, బల్కంపేట ఎల్లమ్మ గుడికీ గడి లేదు! నవ్వుకుని పార్టీ అని గీత పెట్టాను. ఆ తరువాత కొలతలు అడిగారు. ఛాతీ, నడుము, తుంటి. టేపు తీసి కొలుచుకున్నాను. నడుము దగ్గర అంకె చూసి టేపు చుట్టేశాను. అంతకు నాలుగు అంగుళాలు తగ్గించి రాశాను. గదిలో నేనొక్కదాన్నే. అవతల ఉన్నది యంత్రం. అయినా సిగ్గేసింది.

పెట్టె వచ్చిన రోజు మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నారు. ఆవిడకు ఎనభై దాటాయి. "ఇదేం కొత్త సంగతే అమ్మాయ్! నేను 1978లో ఈ కాలనీకి కాపురానికి వచ్చినప్పుడు మూట చీరలాయన వచ్చేవాడు కాదూ! సైకిలు మీద మూట కట్టుకుని పోచంపల్లి చీరలూ, గద్వాల చీరలూ తెచ్చేవాడు. ఎవరింట్లో పెళ్ళి ఉందో, ఏ కోడలికి ఏ రంగు నప్పుతుందో ఆయనకు నోటికి వచ్చు. డబ్బు నెలకు ఇంతని పుస్తకంలో రాసుకునేవాడు" అన్నారు.

"మరి నచ్చకపోతే ఏం చేసేవారు అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు ఊరుకుని, "గుమ్మంలో కూర్చుని మూటంతా విప్పేశాక వద్దని ఎలా అంటాం? మొహమాటానికి తీసుకున్నవీ ఉన్నాయి. వాయిదాల మీద కదా, ధర ఓ చెయ్యి ఎక్కువే వేసేవాడు" అన్నారు.

చూశారా! అప్పటి మూటకైనా, ఇప్పటి పెట్టెకైనా మన మొహమాటమే పెట్టుబడి.

పెట్టెలో ఐదు వస్తువులున్నాయి. కుర్తీ 1,800 రూపాయలు, పలాజో 1,500, జార్జెట్ టాప్ 1,700, పొడుగు కుర్తా 1,300, ముదురు ఆకుపచ్చ చున్నీ 900. వెరసి 7,200. ఐదూ ఉంచుకుంటే నూటికి ఇరవై తగ్గింపు. కుర్తీ తల దూరింది గాని ఛాతీ దగ్గర ఆగిపోయింది. టాప్ చేతులు పట్టేశాయి. పలాజో నడుముకు ఎక్కనే లేదు. అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చింది. రెండు రోజుల్లో తిరిగి పంపకపోతే అన్నీ ఉంచుకున్నట్టే లెక్క అని చీటీలో ఉంది. పంపుదామంటే, మా అమ్మాయి మొదటి జీతం ముచ్చట మనసులో మెదిలింది. ఉంచుకుంటే 1,440 రూపాయలు కలిసొస్తాయి గదా, నెల రోజులు అన్నం మానేస్తే ఇవే పడతాయిలే అనుకున్నాను. నూట నలభై నలుగురికి హితవు చెప్పే నోటితో నేను అనుకున్న మాట అది!

మర్నాడు ఆ కుర్తీని కాస్త వదులు చేయించవచ్చేమో అడుగుదామని అమీర్‌పేటలో మా టైలరు మాస్టరు దగ్గరికి వెళ్ళాను. కొలతకని నా ఆది జాకెట్టు కూడా పట్టుకెళ్ళాను. ఆయన కుర్తీ లోపలి కుట్టు తిరగేసి చూసి, "ఇందులో వదలడానికి గుడ్డ లేదమ్మా" అన్నాడు. తరువాత ఆది జాకెట్టు తీసుకుని బల్ల మీద పరిచి, "ఇది ఎప్పటిదమ్మా?" అని అడిగాడు.

లెక్క వేసుకున్నాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా కుట్టించింది. తొమ్మిదేళ్ళు!

"మనిషి మారినప్పుడు ఆది మార్చుకోవాలి గదమ్మా. ఆది తప్పయితే నేనేం చేసేది, పెద్ద కంపెనీవాడేం చేసేది?" అన్నాడు. ఆయన మామూలుగా అన్నాడు గాని, ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మూడేళ్ళుగా బట్టలు నన్ను కాదంటున్నాయని బాధపడుతున్నాను. నేనే తొమ్మిదేళ్ళ కిందటి మనిషి కొలత అందరికీ ఇస్తూ వచ్చాను.

అయితే తప్పంతా మనదేనా? అదీ కాదు. తయారు దుస్తుల మీద ఎస్, ఎం, ఎల్ అని ఉంటాయే, ఆ కొలతల కథ కాస్త వినండి. 1939–40లో అమెరికా వ్యవసాయ శాఖవారు దాదాపు 15,000 మంది స్త్రీలకు, ఒక్కొక్కరికి 59 చోట్ల కొలతలు తీయించారు. వ్యవసాయ శాఖకు బట్టలతో ఏం పని అంటారా? గృహ విజ్ఞానం అప్పుడు ఆ శాఖ కిందే ఉండేది. చివరకు లెక్కలో ఉంచుకున్నది తెల్లజాతి స్త్రీల కొలతలు మాత్రమే. వాటి ఆధారంగా 1958లో ఆ దేశంలో ప్రమాణాలు ప్రకటించారు. అందరికీ సరిపోవడం లేదని 1983లో వాటిని ఉపసంహరించారు. ఇప్పుడు ఏ కంపెనీ కొలత ఆ కంపెనీదే. ఒకచోట ఎల్ పడితే ఇంకోచోట డబుల్ ఎక్సెల్ పడుతుంది. మన దేశంలో అమ్మే తయారు దుస్తులకు చాలాకాలం విదేశీ పట్టికలే ఆధారం. అందుకే నిఫ్ట్ సంస్థ ఇండియాసైజ్ అనే పేరుతో, 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసున్న 25,000 మందిని స్కానరు యంత్రాలతో కొలిచే పని తలపెట్టింది. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో మన హైదరాబాదు ఒకటి. మన ఒంటి తీరు వేరని ప్రభుత్వ విద్యాసంస్థే గుర్తించిందన్నమాట. కాబట్టి చీటీ మీద అక్షరం చూసి ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అది గుడ్డ కొలత, మనిషి విలువ కాదు.

ఆ రాత్రి మా అమ్మాయితో నిజం చెప్పేశాను. నాలుగు అంగుళాలు తగ్గించి రాశానన్నాను. అది కోప్పడలేదు. "నువ్వు బయటికి రావడం మానేశావని నాకు తెలియదనుకున్నావా అమ్మా? అందుకే కదా ఇది కట్టింది" అంది. నేనేమీ మాట్లాడలేకపోయాను.

గడువు దాటకుండా నాలుగు వస్తువులు తిరిగి పంపాం. చున్నీ ఒక్కటి ఉంచుకున్నాను. న్యాయం చెప్పాలంటే, ఆ ముదురు ఆకుపచ్చ రంగు నేనెప్పుడూ ఎంచుకునేదాన్ని కాదు. అవతలి వాళ్ళకు ఆ చూపు ఉంది. ముందు కట్టిన రుసుము 500 పోను 400 కట్టాను. దాని మీదికి మ్యాచింగ్ సెంటరులో రెండున్నర మీటర్ల మంగళగిరి నూలు గుడ్డ 700కు తీసుకున్నాను. మాస్టరుకు కొత్త కొలతలు ఇచ్చి కుట్టించాను. కుట్టుకూలి 450. మొత్తం 2,050 రూపాయల్లో ఒంటికి పట్టిన జత వచ్చింది. 1,440 మిగులుతుందని పట్టని బట్టలకు 5,760 ఇవ్వడం పొదుపా, మీరే చెప్పండి!

మీలో ఎవరైనా ఇటువంటి పెట్టె తెప్పించుకోదలిస్తే తప్పక తెప్పించుకోండి. దుకాణాల చుట్టూ తిరిగే ఓపిక లేనివారికి, ఒళ్ళు సహకరించనివారికి అది సదుపాయమే. కాని నాలుగు జాగ్రత్తలు పాటించండి.

మొదటిది, ఆ రోజే టేపుతో కొలుచుకుని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ కంపెనీ సొంత కొలతల పట్టికతో సరిచూసుకోండి. రెండోది, తిరిగి పంపవలసిన తేదీని పెట్టె విప్పక ముందే క్యాలెండరు మీద రాసుకోండి. చీటీలు చింపకండి. మూడోది, అన్నీ ఉంచుకుంటే వచ్చే తగ్గింపును చూడకండి. ఒక్కొక్కటీ విడిగా చేతిలోకి తీసుకుని, దుకాణంలో ఈ ధరకు ఇది కొంటానా అని అడగండి.

నాలుగోది ముఖ్యం. నెలనెలా డబ్బు దానంతట అది ఖాతాలోంచి పోయే ఏర్పాటు ఉందేమో చూసుకోండి. 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మనకు కబురు రావాలి. ఆ సందేశాలు చదవకుండా కొట్టెయ్యకండి. యూపీఐలో పెట్టిన చందా అయితే, ఆ యాప్‌లోనే ఆటోపే అన్నచోట చూసి రద్దు చేసుకోవచ్చు. నా చందా ఆపడానికి మీట ఎక్కడుందో వెతకడానికే మా అమ్మాయికీ నాకూ అరగంట పట్టింది. చేరడం తేలిక, మానుకోవడం కష్టం అన్నట్టు చేసే ఇటువంటి చందా ఉచ్చులను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో మోసపు పద్ధతుల జాబితాలో చేర్చింది. ఇబ్బంది పెడితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. మూట చీరలాయన ముందు మా అత్తగారికి లేని అండ ఇది.

కిందటి నెల మహిళా సంఘంవారు మూడోసారి పిలిచారు. వెళ్ళాను. కొత్త జత వేసుకుని, మైకు ముందు నిలబడి పావుగంట మాట్లాడాను. నా నడుము ఎంతో ఎవరూ చూడలేదు. ఒకావిడ మాత్రం దగ్గరికి వచ్చి, "ఆ చున్నీ రంగు బాగుందండీ, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది.

సోదరీమణులారా, ఈవేళ మీ బీరువాలో ఉన్న ఆది జాకెట్టు ఒకసారి బయటికి తీసి చూడండి. అది ఏ సంవత్సరంలోదో గుర్తు చేసుకోండి. ఆనాటి మనిషి మంచిదే, కాని ఈవేళ బట్ట కట్టుకోవలసింది మీరు. సాయంత్రం పనులు కాస్త తెమిలాక టైలరు దగ్గరికి వెళ్ళి, కొత్త ఆది ఇచ్చి రండి.