గీత చూడకుండా గీస్తే వంతెన వంకర తిరుగుతుంది
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒక కారు ప్రయాణం గురించి చెబుతాను. ఇంజనీరింగ్ అందులోనే వస్తుంది.

మూడేళ్ల కిందట నేనూ నా భార్యా జోహానెస్‌బర్గ్‌లో కారు అద్దెకు తీసుకుని, బోట్స్‌వానా మీదుగా జాంబియా వెళ్లాం. అక్కడా బండి ఎడమ పక్కనే నడపాలి కాబట్టి రోడ్డు మనకు కొత్త కాదు. కొత్తదల్లా కాగితాల వ్యవహారమే. అద్దె కారు దేశం దాటాలంటే, ఏయే దేశాలకు వెళ్లవచ్చో రాసి, ఛాసిస్ నంబరుతో సహా కంపెనీ అనుమతి పత్రం ఇవ్వాలి.

లింపోపో నది దాటగానే బోట్స్‌వానా. అక్కడి డబ్బు పేరు పుల. వాళ్ల భాషలో ఆ మాటకు వాన అని అర్థం. వాన కోసం ఆకాశం వైపు చూసే మన మెట్ట రైతుకు ఆ పేరు వెంటనే అర్థమవుతుంది. దారిలో పశువుల కంచెల దగ్గర కారు ఆపి, గాలికుంటు వ్యాధి పాకకుండా చెప్పులు మందునీళ్లలో తడిపి నడవమన్నారు. నాటా ఊరు దాటాక 300 కిలోమీటర్లు అడవి రోడ్డు. ఏనుగులు అడ్డం వస్తాయి కనుక చీకటి పడ్డాక ఎవరూ నడపరు.

ఆ రోడ్డు చివర కజుంగులా దగ్గర జాంబెజీ నది. 2021 మే దాకా అక్కడ పంటు మీదే దాటేవారు. లారీలు రోజుల తరబడి ఒడ్డున పడిగాపులు కాసేవి. ఇప్పుడు 923 మీటర్ల వంతెన ఉంది. అది తిన్నగా లేదు, విల్లులా వంగింది.

నది మధ్యలో వంతెన ఎందుకు వంగాలి? బోట్స్‌వానాకూ జాంబియాకూ అక్కడ ఉమ్మడి సరిహద్దు సుమారు 150 మీటర్లే. ఒక పక్క నమీబియా కొస, మరో పక్క జింబాబ్వే. తిన్నగా వేస్తే జింబాబ్వే హద్దులోకి పోతుంది. ఆ దేశం అప్పట్లో ఈ ప్రాజెక్టులో భాగస్వామి కాదు.

నమీబియా కొస అంత దూరం ఎలా వచ్చింది? 1890లో బ్రిటన్, జర్మనీ ఒప్పందం చేసుకుని, జర్మనీకి జాంబెజీ దాకా సన్నని పట్టీ ఇచ్చాయి. నది వెంట తూర్పు సముద్రానికి దారి దొరుకుతుందని జర్మనీ ఆశ. కానీ 70 కిలోమీటర్ల దిగువన విక్టోరియా జలపాతం ఉంది, నూరు మీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకుతుంది. ఏ పడవ దిగుతుంది అక్కడ? నేల చూడకుండా యూరప్‌లో కూర్చుని గీసిన గీత అది. నూట ముప్పై ఏళ్ల తర్వాత వంతెన దాన్ని తప్పుకుని వంగాల్సి వచ్చింది.

వంతెన దాటాక కస్టమ్స్‌లో మమ్మల్ని ఆపారు. కంపెనీ ఇచ్చిన పత్రంలో ఛాసిస్ నంబరులో 3 ఉండాల్సిన చోట 8 పడింది. సరిచేసిన పత్రం మెయిల్‌లో వచ్చేసరికి ఐదు గంటలు పట్టింది. పక్కనే కాంగో వైపు సరుకు తీసుకెళ్తున్న లారీ డ్రైవర్ మా ముఖాలు చూసి నవ్వాడు. పంటు రోజుల్లో ఆ ఒడ్డున వారం రోజులు లారీ కిందే వండుకుని తిన్నాడట. ఐదు గంటలూ ఒక లెక్కా అన్నట్టు మాకు టీ పోసి ఇచ్చాడు.

పిల్లలూ, మీలో రేపు చాలామంది గీతలు గీస్తారు. రోడ్డుకు, కాలువకు, ఊరి హద్దుకు. గీసేది ఒకరు, దాని పక్కన వారం రోజులు కాచుకునేది ఇంకొకరు. సంతకం పెట్టే ముందు ఒకసారి ఆ చోటుకు వెళ్లి నడవండి. అక్కడ వరుసలో నిలబడబోయేది ఎవరో అడగండి.

టీచర్లకు ఒక చిన్న మనవి. పటం గీయించేటప్పుడు సరిహద్దుల కన్నా ముందు నదులు గీయించండి.