లోయలకు కూడా ఆయనే దేవుడు

నేటి ధ్యానము కొరకు మొదటి రాజుల గ్రంథము 20వ అధ్యాయము తెరచి పెట్టుకొనండి.

క్రిందటి నవంబరులో మా సంఘస్థులము కొందరం అరకు లోయకు వెళ్ళాము. విశాఖపట్నం నుండి సుమారు 115 కిలోమీటర్లు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నదది. ఉదయం కిరండూల్ వెళ్ళే రైలెక్కాము. కొండలను తొలిచి వేసిన ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేయడం, వెలుగు రాగానే లెక్కపెట్టడం! అరకు చేరేలోపే వారి లెక్క తప్పిపోయింది.

అక్కడ వలిసె చేలు పసుపు దుప్పటి పరచినట్లున్నాయి. చుట్టూ అడవి, కోతకు వచ్చిన వరి మళ్ళు, గలగల పారే గెడ్డలు, పశువులు మేసే పచ్చిక బయళ్ళు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పండ్లు ఎర్రబడుతున్నాయి. చెట్ల మొదళ్ళకు మిరియాల తీగలు అల్లుకొని ఉన్నాయి. మా వారందరూ పాటలు పాడి దేవుని స్తుతించారు.

తిరుగు ప్రయాణంలో బస్సు గాలికొండ దగ్గర ఆగింది. అందరూ దిగి లోయ అందము చూస్తున్నారు. ఒక సహోదరి మాత్రం బస్సులోనే కూర్చుండిపోయింది. భర్తను పోగొట్టుకొని అప్పటికి ఆరు నెలలు. నేను వెళ్ళి, "ఏమ్మా, దిగలేదేం?" అన్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూ, "అయ్యగారూ, తప్పయితే క్షమించండి. ఈ అందం చూస్తుంటే నాకు దేవుని మీద కోపం వస్తోంది. గడ్డిపువ్వును కూడా ఇంత శ్రద్ధగా చేసినవాడు నా ఇంటిని ఎందుకు పట్టించుకోలేదు?" అన్నది.

ప్రియులారా, సెమినరీలో నేను చదువుకున్నది ఒక్కటీ ఆ క్షణంలో నా నోటికి రాలేదు. ఊరకే ఆమె ప్రక్క సీటులో కూర్చున్నాను.

తరువాత బొర్రా గుహలకు వెళ్ళాము. మెట్లు దిగేకొద్దీ చీకటి, చల్లదనము. పైకప్పు నుండి నీటి చుక్కలు పడుతున్నాయి. సున్నపురాతిని ఎంతో కాలముగా కరిగించి ఆ గుహలను తొలిచినది నీరే. అక్కడ గోస్తని నది ప్రవహిస్తున్నది. ఆ నీరే క్రిందికి దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుందనీ, అక్కడ నుండి విశాఖపట్నానికి త్రాగునీరుగా వస్తుందనీ నేను చెప్పాను. ఆ సహోదరి చాలాసేపు ఆ నీటి చప్పుడు వింటూ నిలబడింది. "ఇంత చీకటిలో నుంచి వచ్చిన నీళ్ళా అయ్యగారూ, మనం త్రాగేది?" అన్నది. ఆ రోజు ఆమె తనంతట తాను నోరు తెరచి అన్న మొదటి మాట అదే.

ఇప్పుడు వాక్యమునకు వద్దాము. సమరయ యొద్ద ఓడిపోయిన సిరియా రాజు బెన్హదదుతో అతని సేవకులు ఏమన్నారు? ఇశ్రాయేలు దేవుని బలమంతా కొండల మీదనే, మైదానములో యుద్ధము చేస్తే గెలుపు మనదే అన్నారు. మరుసటి యేడు ఆఫెకు దగ్గర దిగారు. అక్కడ కూడా దేవుడు దేవుడేనని వారు తెలిసికొనవలసి వచ్చింది. నవ్వకండి. ఆ సిరియనుల ఆలోచన మనలోనూ ఉన్నది. ఉద్యోగము వచ్చిననాడు, పెండ్లి జరిగిననాడు దేవుడున్నాడు. ఆసుపత్రి వరండాలో, సమాధుల తోటలో ఆయన లేడని అనుకొంటాము.

దావీదు 23వ కీర్తనను జాగ్రత్తగా చదవండి. పచ్చిక బయళ్ళలో, నీళ్ళ దగ్గర ఉన్నప్పుడు అతడు దేవుని గూర్చి "ఆయన" అని చెప్పుచున్నాడు. చీకటి లోయలో అడుగు పెట్టగానే "నీవు" అని నేరుగా దేవునితోనే మాట్లాడుచున్నాడు. పచ్చికలో దేవుని గురించి మాట్లాడినవాడు లోయలో దేవునితో మాట్లాడాడు! మన రక్షకుడు కూడా ఆ రాత్రి కెద్రోను లోయ దాటి గెత్సేమనే తోటలో, నేల మీద సాగిలపడి, "తండ్రీ" అనే పిలిచాడు. ఆ గిన్నె తొలగిపోలేదు. అయితే ఆ చీకటిలో నుండే మనకు జీవజలము ప్రవహించింది.

ఆ సహోదరి కన్నీరు ఆ రోజే ఆగిపోయిందని నేను చెప్పను. కానీ బస్సు దిగేటప్పుడు, "అయ్యగారూ, నా కోపం కూడా ఆయనకే చెప్పుకోవచ్చా?" అని అడిగింది. "ఆయనకే చెప్పమ్మా" అన్నాను. నేటికి కూడా నాకు తెలిసిన జవాబు అంతే.

ఈ ప్రసంగము వింటున్న మీరు ఏ లోయలో ఉన్నారో నాకు తెలియదు. దేవుని గూర్చి ఇతరులతో మాట్లాడుటకు మీకు శక్తి లేకపోవచ్చు. ఆయనతో మాట్లాడండి. కోపమైతే కోపమే, ప్రశ్న అయితే ప్రశ్నే. మీ ఇరుగుపొరుగున అటువంటి వారుంటే తొందరపడి జవాబులు చెప్పకండి. వెళ్ళి ప్రక్కన కూర్చొనండి.

ప్రార్థన చేసుకొందము. కొండలను లోయలను కలుగజేసిన మా తండ్రీ, వెలుగులో నిన్ను స్తుతించి చీకటిలో నిన్ను మరచిన మమ్మును క్షమించుము. దుఃఖములో ఉన్న ప్రతి ఇంటిని ఈ గడియలో దర్శించుము. మా లోయలలో నీవు మా ప్రక్కన నడచుచున్నావని ఎరిగే కృప దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.