బ్రష్షు పట్టు: పిడికిని కుచ్చునకును గల పొత్తు

(ఔరాదులో మన సంఘపు వారసభయందు చేసిన ఉపన్యాసము)



గతవారము సభ ముగిసిన పిమ్మట కొందరు యువకులు మమ్ము నిలిపి యొక ప్రశ్న వేసినారు. "హైదరాబాదునకో పూనాకో పోక, ఈ ఔరాదులోనే నిలిచి చేసికొనదగిన చిన్న పరిశ్రమ యేదైన ఉన్నదా? ప్లాస్టిక్ బ్రష్షుల పని లాభసాటిదని చెప్పుచున్నారు. నిజమేనా?" అని వారడిగిరి. ఒక్కమాటలో ఔననుట గాని కాదనుట గాని మాకు న్యాయముగా తోచలేదు. ఏలయన, ఆ పనిలో ఇదివరకే చేయి కాల్చుకొన్నవారు మన కుటుంబములలోనే కలరు. కావున నేటి ప్రసంగమునకు ఆ విషయమునే తీసికొంటిమి.

బ్రష్షు అను మాట పరదేశపుదే గాని వస్తువు మనకు క్రొత్తది కాదు. సాలెవారు పడుగునకు గంజి పట్టించునది కుంచె. చిత్రకారుని చేతిలోనిది కుంచె. గోడకు సున్నము వేయునదియు కుంచెయే. మన పెద్దలు మట్ట కొనను నలుగగొట్టి సున్నపు కుంచెగా వాడిరి; వేపపుల్ల కొనను నమిలి పండ్లు తోమిరి. ఎరుకలవారిలో ఈతపుల్లల ఎరుకలనియు కుంచపురి ఎరుకలనియు శాఖలు కలవు. ఈ పనిముట్లు చేయు వృత్తులే ఆ శాఖలకు పేరులైనవి.

వేపపుల్లను ఒక్కమారు మనసున నిలుపుకొనుడు. అందు పిడియు కుచ్చును వేరువేరు కావు. రెండును ఒకే కర్ర. ఊడిపోవునను భయము లేదు. పని తీరిన పిదప పారవైచినను మన్నులో కలిసిపోవును. పిడి యొక పదార్థముతో, కుచ్చు మరియొక పదార్థముతో చేయుట మొదలైన నాడే "ఈ రెంటికిని పట్టు ఎట్లు?" అను ప్రశ్న పుట్టినది. బ్రష్షుల పరిశ్రమ చరిత్ర యంతయు ఆ ఒక్క ప్రశ్నకు వెదకిన సమాధానమే.

ఆ సమాధానములు స్థూలముగా మూడు. మొదటిది కట్టుట: చీపురును త్రాటితో బిగించినట్లు. రెండవది పొదుగుట: పిడికి రంధ్రములు తీసి కుచ్చులను అందు దిగగొట్టుట. మూడవది పోతపోయుట: కుచ్చులను ముందుగా నిలిపి వాని చుట్టును కరిగిన పదార్థమును పోసి పిడిని తయారుచేయుట.

పొదుగుట యననేమో బీదరు జిల్లావారమైన మనకు ఎవరును చెప్పనక్కరలేదు. బిద్రీ పనివారు సుమారు 16 పాళ్ల జింకునకు ఒక పాలు రాగి కలిపి పాత్రను పోతపోయుదురు; చల్లారిన పిదప ఉలితో గాడి తీసి, అందు వెండి తీగను ఉంచి సుత్తితో అదుముదురు. గాడి ముందు, వెండి వెనుక. బ్రష్షులలో నేటికిని ఎక్కువ భాగము ఈ మార్గముననే తయారగుచున్నవి. పిడిని రంధ్రములతో సహా అచ్చులో పోసి, కుచ్చును నడుమకు మడిచి, ఆ మడతమీద చిన్న లోహపు బిళ్లను ఉంచి యంత్రము రంధ్రములోనికి దిగగొట్టును. బిళ్ల రంధ్రము కంటె కొంచెము వెడల్పుగా నుండి, అంచులతో ప్లాస్టిక్కును కరచిపట్టును. మంచి యంత్రము నిమిషమునకు వందలకొలది కుచ్చులను ఇట్లు నాటగలదు.

దంతధావనపు బ్రష్షు చరిత్రయు ఈ పద్ధతితోనే సాగినది. 15వ శతాబ్దము చివర చైనాదేశమున పంది రోమములను ఎముక పిడిలో నాటి పండ్లు తోముకొనిరి. ఇంగ్లండులో 1780 ప్రాంతమున విలియం ఆడిస్ అను నతడు దానినే వ్యాపారముగా పెంచెను. పంది రోమము నోట పెట్టుకొనుట అనేక మతములవారికి సమ్మతము కాని పని. అదియుగాక ఆ రోమము నీటిని పీల్చి త్వరలో మెత్తబడును. 1935లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థయందు వాలెస్ కరోదర్స్ బృందము నైలానును కనుగొనగా, 1938లో నైలాను కుచ్చుల దంతపు బ్రష్షు బజారునకు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున చైనా రోమముల దిగుమతికి ఆటంకము కలుగగా రంగుల బ్రష్షులవారు కూడ నైలానువైపు తిరిగిరి. మన దేశమున కాన్పూరు రోమముల వ్యాపారమునకును, బిజ్నోరు జిల్లాలోని షేర్‌కోట్ రంగుల బ్రష్షులకును పేరుపొందినవి.

కుచ్చు మారెను, పిడి మారెను, కాని పట్టు మాత్రము పాతదే. లోహపు బిళ్ల దిగిన రంధ్రములో సందు మిగులును. అందు నీరును మురికియు నిలుచును. బిళ్ల పట్టుటకు తగిన లోతు కావలెను గనుక బ్రష్షు తలను మిక్కిలి పలుచగా చేయుటకు వీలుపడదు. బిళ్ల ఒత్తిడికి ఒక్కొక్కప్పుడు రంధ్రముల నడుమ బీటయు పడును. ఈ లోపములను తొలగించుటకే మూడవ పద్ధతి వచ్చినది.

ఆ పద్ధతి ఎట్లు జరుగునో వివరింతుము. నైలాను పోగులను కట్టలుగా తెచ్చి కావలసిన పొడవునకు కోయుదురు. చిగుళ్లను గీయకుండ కొనలను అరుగదీసి గుండ్రముగా చేయుదురు. రంధ్రములు గల ఉక్కు పలకలో ఒక్కొక్క రంధ్రమునకు ఒక్కొక్క కుచ్చు చొప్పున నిలుపుదురు. పలక వెనుకకు వచ్చిన మొదళ్లకు వేడి తగిలించినచో, ఆ కుచ్చులోని పోగులన్నియు కరిగి ఒకటై మేకు తలవలె గుండు కట్టును. ఆ పలకయే అచ్చునకు ఒక వైపు అగును. అచ్చు మూసిన పిదప సుమారు 200 మొదలు 250 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరిగిన పాలీప్రొపిలీను ప్లాస్టిక్కును గొప్ప ఒత్తిడితో లోనికి ఎక్కింతురు. అది గుండ్ల చుట్టును ప్రవహించి, అచ్చులోని నీటి కాలువల చల్లదనమునకు గట్టిపడును. అచ్చు తెరచినంతనే పిడియు కుచ్చును కలిసిన బ్రష్షు చేతికి వచ్చును. లోహము లేదు, సందు లేదు.

ఇందు గమనింపదగిన మర్మములు రెండు కలవు. మొదటిది: పాలీప్రొపిలీనునకు నైలానుతో సహజమైన అంటుకొనుగుణము లేదు. ఎంత వేడిగా పోసినను ఒకటి మరియొకదానిలో కలియదు. ఆ గుండు తల లేనిచో కుచ్చు ఒరనుండి కత్తి వచ్చినట్లు వచ్చును. రెండవది: పలక రంధ్రము కుచ్చును గట్టిగా పట్టియుండవలెను. వెంట్రుకవాసి సందున్నను కరిగిన ప్లాస్టిక్కు పోగుల నడుమకు ప్రాకి, కుచ్చును మొదట పుల్లవలె బిగియజేయును. అట్టి బ్రష్షు చూపునకు బాగుగనే ఉండును. వాడుకలో మొదలు విరిగిపోవును.

మా బంధువర్గములోని ఒక యువకునికి జరిగినది ఇదియే. అతడు తన వంతు పొలము కొంత అమ్మి, పాత పోత యంత్రము నొకదానిని కొని, నేల తోము బ్రష్షులు చేయ పూనుకొనెను. యంత్రము మంచిదే. అచ్చును మాత్రము తక్కువ ధరకు, తొందరలో, బ్రష్షుల పని ఎరుగని వారిచేత చేయించెను. కుచ్చులను చేతితో నిలుపునప్పుడు ఒకటి లావుగను ఒకటి సన్నముగను పడెను. నడుమ విద్యుత్తు పోయినప్పుడెల్ల యంత్రపు గొట్టములో ప్లాస్టిక్కు గడ్డకట్టి, మరల వేడెక్కించుటకే పూట గడచెను. మొదటి సరకును వ్యాపారి యొక నెలకే తిప్పిపంపెను. ఇంటివారును ఇరుగుపొరుగువారును యంత్రమును నిందించిరి, విద్యుత్తును నిందించిరి, కొందరు "మనవారికి వ్యాపారము అచ్చిరాదు" అని జాతకమునే నిందించిరి. ఆ యువకుడు నేడు వేరొక ఊర జీతమునకు కుదిరియున్నాడు. అతడు సోమరి కాడు, మోసగాడు కాడు. ముందు కొనవలసినదానిని వెనుకను, వెనుక కొనవలసినదానిని ముందును కొనినాడు. ఈ పరిశ్రమలో ప్రాణము అచ్చునందున్నది. పోత యంత్రమును అద్దెకైనను వాడుకొనవచ్చును. అచ్చును ఎరువు తెచ్చుకొనలేము.

అట్లని చిన్న ఊరివారికి ఈ పని తగదనుట సరికాదు. జర్మనీ దేశమున నల్ల అడవి యను కొండసీమలో టోట్నౌ అను చిన్న ఊరు కలదు. అచట 1770లో లెయోడెగార్ టోమా అను నతడు బ్రష్షుల పని ఆరంభించెనని చెప్పుదురు. అది క్రమముగా ఇంటింటి వృత్తియై, ఆ వృత్తి యెరిగినవారి నడుమనుండియే యంత్రములు చేయువారు పుట్టిరి. 1902లో అచట నెలకొన్న జహోరాన్స్కీ సంస్థ నేడు లోకమందలి బ్రష్షు కర్మాగారములకు యంత్రములను, అచ్చులను అమ్ముచున్నది. మొదట చేతిపని, పిదప పనిముట్టు, ఆ పిదపనే యంత్రము అను వరుసను ఆ ఊరివారు తప్పలేదు.

తెలుగు సీమలోను పెద్ద ఉదాహరణము కలదు. ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొనను, తమిళనాడు సరిహద్దును ఆనుకొని, తిరుపతి జిల్లాలోని శ్రీసిటీయందు కోల్గేట్ సంస్థవారి దంతపు బ్రష్షుల కర్మాగారము పనిచేయుచున్నది. మనవలె రెండు భాషల గట్టుమీద నున్న ఊళ్లవే ఆ పరిసరములు. అయితే అట్టి కర్మాగారముతో పోటీపడి దంతపు బ్రష్షులు చేయుదుమని ఎవ్వరును పూనుకొనరాదని మా స్పష్టమైన అభిప్రాయము. నోటిలో పెట్టు వస్తువునకు కావలసిన శుచియు, సూక్ష్మతయు, పెట్టుబడియు చిన్నవారికి అందునవి కావు.

మరి మనకు తగినదేమి? మన చుట్టును చూతము. ఇది దేవణి పశువుల సీమ. పశువులను తోముటకు బ్రష్షు కావలెను. పాలక్యాన్లు కడుగుటకు, నేల తోముటకు, బట్టలు ఉతుకుటకు, సున్నము వేయుటకు కావలెను. వీనిలో కుచ్చు లావుగా నుండును. సూక్ష్మత తక్కువైనను చెల్లును. అచ్చు ఒక్కటి మంచిదైనచో, కుచ్చులను చేతితో నిలిపి చిన్న యంత్రముతోనే పని సాగింపవచ్చును.

ఇచట మరియొక మాట చెప్పవలసియున్నది. వేపపుల్లను మరువవలదంటిమి గదా! నైలాను కుచ్చు చుట్టును పాలీప్రొపిలీను పిడిని పోసినచో, ఆ పట్టు ఎంత గట్టిదో, బ్రష్షు అరిగిన పిదప ఆ రెంటిని విడదీయుట అంత కష్టము. విడదీయని సరకును పాత ప్లాస్టిక్కు కొనువాడు త్రోసివేయును. మన చెరువు గట్లమీద, మురుగు కాలువలలో చేరినది అదియే. కాని కుచ్చును కూడ పాలీప్రొపిలీను పోగులతోనే చేసినచో, బ్రష్షు యావత్తు ఒకే పదార్థమగును. అరిగిన పిదప కడిగి నూరి మరల కరిగింపవచ్చును. నైలానువలె ఆ పోగు వంగి త్వరగా నిటారు కాదను కొరత యున్నది. దంతములకు అది లోపమే గాని, నేలకును పాత్రలకును చాలును. పిడియు కుచ్చును ఒకే కర్రయైన ఆ పాత సుగుణమును క్రొత్త పదార్థముతో మరల సాధించుట యన ఇదియే.

కావున మమ్మడిగిన యువకులకు మా సమాధానము ఇది. పని మంచిది, తొందర చెడ్డది. ముందు నేర్చుకొనుడు. 1968లో మదరాసున స్థాపితమై, సిపెట్ అని పిలువబడు కేంద్ర ప్రభుత్వ సంస్థకు హైదరాబాదునను మైసూరునను శాఖలు కలవు. అచట ప్లాస్టిక్కు పోతయు, అచ్చు తయారీయు నేర్పుదురు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి, ఒకరు అచ్చును, ఒకరు యంత్రమును, ఒకరు లెక్కలను నేర్చి రండు. అచ్చునకు సొమ్ము సమకూరు వరకు పొలము జోలికి పోకుడు. తయారైన మొదటి నూరు బ్రష్షులను అమ్మకుడు; మన ఇండ్లలోనే ఇచ్చి రెండు నెలలు తోమించుడు. మొదట బిగిసిన కుచ్చు గాని, ఊడివచ్చిన కుచ్చు గాని కనబడినచో దాచక అచ్చును సరిదిద్దుకొనుడు.

తల్లులకు, పెద్దలకును ఒక మనవి. చేయి కాల్చుకొని వచ్చిన బిడ్డను జాతకము పేర నిందింపకుడు. అతడు నష్టపోయి నేర్చినది మన అందరికిని ఉపయోగపడు విద్య. వేరొక ఊర నున్న ఆ యువకుని మేము వచ్చే పండుగకు ఈ సభకు రమ్మని పిలిచియున్నాము. కుచ్చు ఎచట బిగిసినదో, ఎచట ఊడినదో అతనికంటె చక్కగా చెప్పగలవారు మనలో లేరు. అతడు వచ్చిననాడు ఈ యువకులందరును ముందు వరుసలో కూర్చుండి వినవలెనని కోరుచు విరమించుచున్నాము.