సింగపూరు మాటలోని చిన్న ముక్కలు

1819వ సంవత్సరమున ఇంగ్లీషువారు సింగపూరున వర్తకస్థానము నెలకొల్పిన పిదప చీనావారును, మలయీలును, తమిళులును, మన తెలుగువారిలో కొందరును అచ్చట చేరిరి. ఇందరును బడిలోను బజారులోను కలసి మెలగుటచే ఇంగ్లీషునకు వేరొక రూపు ఏర్పడినది. దానిని సింగ్లీషు అందురు. వ్యాకరణజ్ఞులు విని ముఖము చిట్లింతురు. 2000వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వమువారే మంచి ఇంగ్లీషు మాటలాడవలెనని ఉద్యమము ప్రారంభించిరి.

ఆ భాషలో నాకు ముచ్చట గొలుపునవి వాక్యము చివర తగిలించు ఏకాక్షరములు: లా, లె, లొ, మె, హొ. కొన్ని చీనా భాషలనుండి వచ్చినవి. ‘లా’ మలయీ మాటయో చీనా మాటయో పండితులింకను తేల్చలేదు.

‘క్యాన్’ అను ఇంగ్లీషు మాటను తీసికొందము. వీలగునని యర్థము. సాయమడిగినవానితో వట్టి ‘క్యాన్’ అన్న ముక్తసరిగా నుండును. ‘క్యాన్ లా’ అన్నచో, దానికేమి, తప్పక చేసెదను, సంకోచింపకుడని. ‘క్యాన్ లొ’ అన్నచో, మీరింతగా అనుచున్నారు గనుక కానిండని. అందు కొంచెము నిట్టూర్పు కలదు. ‘క్యాన్ మె’ అన్న సందేహము. అడుగువాడు ‘క్యాన్ హొ’ అన్నచో మన సమ్మతికై వేచియున్నాడన్నమాట. ‘గివ్ మీ’ అన్న ఆజ్ఞ. ‘గివ్ మీ లె’ అన్న ‘ఇవ్వరాదూ’ అని బ్రతిమాలుట. ఈ ‘లె’కును మన ‘పోనీలే’లోని ‘లే’కును చుట్టరికము లేదు సుమా, ధ్వని కలిసినదంతే.

కాదనుటలో వీని యుపయోగము మరింత తెలియును. భోజనమునకు పిలిచినవానితో ‘నో’ అని ఊరకున్న తలుపు మూసినట్లుండును. ‘నో లా’ అన్నచో నిరాకరణము నిలిచియే యుండును గాని స్నేహము చెడదు. అయితే ఆ ‘లా’నే విసుగుతో పలికిన మందలింపగును.

‘కూర్చో’కును ‘కూర్చోండి’కిని గల దూరమెంతయో మీకు నేను చెప్పనక్కరలేదు. కాని యొక భేదము కలదు. మన ‘అండి’ ఎదుటివాని పెద్దరికమును చూచును. వారి ‘లా’, ‘లె’లు చనువును చూచును. పెద్దరికమునకు వారికి వేరే మార్గమున్నది: ముక్కు మొగము తెలియని టాక్సీవానినైనను ‘అంకుల్’ అని పిలుతురు. కచేరీలో అధికారి యెదుట ఈ ముక్కలు సామాన్యముగా వాడరు. అచ్చట చనువే అమర్యాద.

మన యూళ్లనుండి వెళ్లి సింగపూరున కాపురమున్నవారి పిల్లలు సెలవులకు వచ్చి మాట మాటకు ‘లా’ అనగా, ఇదేమి వెకిలి మాట యని తాతలు కసరుట గలదు. కసరినచో పిల్లవాడు ఆ యక్షరము మానును. దానితోపాటు తాతగారితో చనువును మానును. ‘తాతా, కమ్ లా’ అని చేయిపట్టి లాగునప్పుడు వాడు ఆజ్ఞాపించుట లేదు. ‘రారాదా తాతయ్యా’ అనుచున్నాడు.