ఉబ్బసం ఉన్నా ఆడుకోనిద్దాం



మనలో ఇంతమంది డాక్టర్లుండగా ఉబ్బసం గురించి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మాట్లాడటమేమిటని మీకనిపించవచ్చు. నా అర్హత ఒక్కటే. నలభై ఏళ్లుగా ఆ జబ్బు నాతోనే ఉంది. మాది గుంటూరు, మిర్చి ఘాటు గాలిలోనే ఉండే ఊరు. బడిలో డ్రిల్లు పీరియడ్ అంటే నాకు వేపచెట్టు నీడే. "వాడికి ఆయాసం, పరుగెత్తనివ్వకండి" అని ఇంట్లోవాళ్లు చెప్పి పంపేవారు. ఇప్పుడు జర్మనీలో మన పిల్లలకు అదే నీడ "అటెస్ట్" పేరుతో దొరుకుతోంది. అంటే డాక్టరు చీటీ చూపించి ఆటల క్లాసు తప్పించడం. ఆ చీటీ అడిగే ముందు ఒక్కసారి ఆలోచించండని మనవి చేయడానికే వచ్చాను.

అసలు ఆడితే ఆయాసం ఎందుకొస్తుంది? మామూలుగా ముక్కు మనం పీల్చే గాలిని వెచ్చబరిచి, తడిచేసి లోపలికి పంపుతుంది. పరుగెత్తేటప్పుడు నోటితో, వేగంగా పీలుస్తాం. చల్లని పొడిగాలి నేరుగా వెళ్లి శ్వాసనాళాల్లోని తడిని లాగేస్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో ఆ నాళాలు దీనికి బిగుసుకుపోతాయి. ఆట మధ్యలో కంటే ఆగిన అయిదు, పది నిమిషాలకు పిల్లికూతలు ఎక్కువ కావడం మామూలే. కారణం తెలిసిందంటే ఉపాయమూ ఉంటుంది.

మొదటి ఉపాయం రోజువారీ మందు. మా భాషలో చెప్పాలంటే, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు సర్వర్ రీస్టార్ట్ చేయడం లాంటిది. నాళాల వాపు తగ్గించే మందు బగ్ సరిచేయడం. వాపు అలాగే ఉంచి రీస్టార్టులతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? పెద్దవాళ్లూ, పన్నెండేళ్లు దాటిన పిల్లలూ కేవలం తక్షణ ఉపశమన మందు మీదే ఆధారపడవద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉపశమనం కోసం వారానికి రెండుసార్లకు మించి ఇన్‌హేలర్ తీయాల్సి వస్తుంటే జబ్బు అదుపులో లేదని అర్థం. "ఇన్‌హేలర్ అలవాటైతే మానలేం" అనే మాట మన ఇళ్లల్లో ఇంకా వినబడుతోంది. అది మత్తుమందు కాదండీ. కళ్లజోడు అలవాటైపోతుందని పిల్లాణ్ణి మసకచూపుతో బడికి పంపుతామా? మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందు వేయించుకునేవారి నమ్మకం జోలికి నేను పోను. కానీ ఏ నమ్మకం కోసమూ డాక్టరిచ్చిన మందు ఆపకండి.

రెండోది వార్మప్. మైదానంలోకి దిగగానే పరుగు అందుకోకూడదు. పది, పదిహేను నిమిషాలు నడక, చిన్న పరుగు, మళ్లీ నడక. ఆట అయ్యాక కూడా మెల్లగా నెమ్మదించాలి. ఆటకు ముందు మందు పీల్చాలా, ఎన్ని పఫ్‌లు అన్నది డాక్టరు రాసిచ్చిన ప్రకారమే చేయాలి. చలికాలంలో ముక్కూ నోరూ మఫ్లర్‌తో కప్పుకుంటే పీల్చే గాలి కాస్త వెచ్చబడుతుంది.

మూడోది రోజు చూసి ఆడటం. ఇక్కడ హేజెల్, ఆల్డర్ చెట్ల పుప్పొడి జనవరిలోనే మొదలవగలదు. ఏప్రిల్‌లో బిర్చ్, మే నుంచి జూలై దాకా గడ్డి. జర్మన్ వాతావరణ శాఖ పుప్పొడి సూచిక ఇస్తుంది. క్రికెట్ మ్యాచ్‌కు వాన చూసుకున్నట్టే అదీ చూసుకోండి. ఇంట్లో పీక్ ఫ్లో మీటరు ఉంటే ట్రాఫిక్ లైటు లెక్క. మన మంచి రోజు అంకెలో 80 శాతం పైన పచ్చ, ఆడవచ్చు. 50 నుంచి 80 దాకా పసుపు, ఆ రోజు ఆట మాని డాక్టరు రాసిచ్చిన ప్రణాళిక చూడాలి. 50 కంటే తగ్గితే ఎరుపు, వెంటనే వైద్యం. జలుబూ జ్వరమూ ఉన్న రోజూ ఆట వద్దు.

ఏ ఆట మంచిది? ఆగి ఆగి పరుగెత్తే క్రికెట్, వాలీబాల్ లాంటివి సులువు. ఈతకొలను గాలి తేమగా, వెచ్చగా ఉంటుంది కనుక ఈత చాలామందికి పడుతుంది, కొందరికి మాత్రం క్లోరిన్ వాసన పడదు. ఉబ్బసం ఉన్న జర్మన్ ఈతగత్తె సాండ్రా ఫోల్కర్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో రజతం గెలిచింది. పౌలా రాడ్‌క్లిఫ్ ఉబ్బసంతోనే 2003లో లండన్ మారథాన్‌లో ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

పెద్దవాళ్లకూ ఇక్కడ మంచి వసతి ఉంది. డాక్టరు 56 నంబరు ఫారం మీద లుంగెన్‌స్పోర్ట్ రాసివ్వవచ్చు. ఉబ్బసానికి సాధారణంగా 36 నెలల్లో 120 తరగతులు. శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో వ్యాయామం, ఖర్చు క్రాంకెన్‌కాసెది. నేర్పేవాటిలో రెండు మనమిప్పుడే చేసి చూడవచ్చు. ఒకటి బండివాడి భంగిమ. కూర్చుని ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించాలి. అచ్చం మన ఎడ్లబండి తోలేవాడే! రెండోది పెదవుల బ్రేకు. వేడి టీ ఊదుకున్నట్టు పెదవులు సన్నగా చేసి నెమ్మదిగా గాలి వదలాలి.

ఆటలో ఆయాసం వస్తే వెంటనే ఆపి, ఇలా కూర్చుని, ఉపశమన మందు తీసుకోవాలి. తగ్గకపోయినా, మాట తడబడినా, పెదవులు నీలమైనా 112కి ఫోన్ చేయండి. మొహమాటం వద్దు.

తల్లిదండ్రులారా, ఈసారి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆట మాన్పించే చీటీ కాదు, ఆడించే కాగితం అడగండి. ఏ మందు, ఎప్పుడు, ఎన్ని పఫ్‌లు అన్నీ రాసి ఉన్న ఆ కాగితం ఒక కాపీ టీచరుకు, ఒకటి కోచ్‌కు ఇవ్వండి. ఇన్‌హేలర్ మాత్రం ఇంటి బీరువాలో కాదు, పిల్లల ఆటల సంచీలో ఉండాలి.